దేవసహాయం అవిసెపొడి

దేవసహాయం ఎదుట ఆవులించడమంటే అవిసెపొడి తింటానని ఒప్పుకున్నట్టే. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వచ్చే బస్సులో ఒకసారి కండక్టరు ఆవులించాడు. వెంటనే అతని మూతి ముందు చెంచా ప్రత్యక్షమైంది.

"ఏందప్పా ఇది? దిగు కిందికి!"

"దిగుతాలే, ముందు నువ్వు మింగు. రక్తకణానికి గోడ ఉంటాది నాయనా. ఆ గోడలో కొవ్వు ఆమ్లాలు తగ్గితే ఎంత నిద్రపోయినా అలుపు పోదు."

"నాకేం అలుపు ల్యా!" అంటూనే కండక్టరు మళ్లీ ఆవులించాడు. బస్సంతా నవ్వింది. చెంచా ఖాళీ అయింది.

వెనక సీట్లోంచి ఇదంతా చూసిన సారమ్మ దేవసహాయం పక్కింటి మనిషే. రెండో తరగతితోనే బడి మానేసినా, మాటల్లో ఎవరికీ తగ్గేది కాదు. "ముప్పై ఏండ్లు ల్యాబులో సీసాలు కడిగినోడివి, డాక్టరువు ఎప్పుడైతివన్నా?" అని దెప్పేది.

"కడిగినోనికే తెలుస్తాది సారమ్మా, యాడ మరక పోల్యాదో."

చర్చిలో మరీ ఘోరం. ప్రసంగం సాగేకొద్దీ పొడి పొట్లాలు వరసల వెంట నడిచేవి. ఒక ఆదివారం ఒకటి కానుక సంచిలో పడింది. ఫిలిప్ అయ్యగారు దాన్నీ కలిపే ఆశీర్వదించారు.

దేవసహాయం కోడలు ప్రమీలకు రెండేళ్ల కిందట జ్వరం వచ్చి తగ్గింది. అలుపు మాత్రం తగ్గలేదు. నాలుగు గిన్నెలు తోమితే రెండు రోజులు మంచమే. పరీక్షలన్నీ బాగానే ఉన్నాయి, ఇది దీర్ఘకాలిక అలసట జబ్బు అన్నాడు నంద్యాల డాక్టరు. పరీక్షలు బాగుంటే జబ్బేంది, ఒళ్లు వంగక గానీ అంది సారమ్మ. ఆ మాట చెవిన పడ్డాక ప్రమీల చర్చికి రావడమే మానేసింది.

మొన్న గోడ మీదుగా సారమ్మ నిలదీసింది. "నీ పొడితో ఆ పిల్లకు నయమైందా?"

"ల్యా."

"మరి ఊరందరి నోట్లో ఎందుకు పోస్తాండావ్?"

"పెద్ద డాక్టర్లే ఇంకా ఎతుకుతాండారు, నా పొడేం చేస్తాది? అదొక్కతే తింటే రోగిష్టిది అంటారు. అందరూ తింటే వట్టి పొడే గదా."

సారమ్మ గోడ మీద నుంచి చెయ్యి తీసి వెనక్కి తిరగబోయింది. దేవసహాయం ఆపాడు.

"ఈ ఆదివారం పిల్లను తీసుకొస్తాండా. పాటప్పుడు అందరూ లేస్తారు. అది నిలబడల్యాదు. నువ్వు దాని పక్కన కూచో."

"నేనా? డెబ్బై ఏండ్లలో ఒక్క పాటకూ కూచున్న దాన్ని కాదు! చూసినోళ్లు మోకాళ్లు పోయినాయనుకోరా?"

"అనుకోనీ."

"నాకేం నొప్పి ల్యా!"

"తెలుసు. అందుకే నిన్ను అడుగుతాండా. పాట అయ్యేదాకా లేయొద్దు సారమ్మా."