మీటర్లు తప్ప మనుషులు తెలియని మా బావ

మా బావకి మనుషుల మొహాలు గుర్తుండవు, మీటర్లు గుర్తుంటాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు కరెంటు ఆఫీసు తరఫున ఇల్లిల్లూ తిరిగి రీడింగులు తీసి, బిల్లులిచ్చి, పోయినేడే రిటైరయ్యాడు. వీధిలో ఎవరైనా ఎదురొచ్చి పలకరిస్తే తలూపేసి, వాళ్ళు నాలుగడుగులు దాటాక "ఎవర్రా వాడు?" అని నన్నడుగుతాడు. మూలింటాయన అని చెబితే, "ఓహో, మెట్ల కింద మీటరు, అద్దం పగిలింది" అంటాడు. గోడలకి చెవులుంటాయంటారు కదా, మా బావ మాటలు వినేది అవొక్కటే. బావమరిదిని కాబట్టి ఈ మాట నేను పదిమందిలోనూ అంటాను.

ఆయన తప్పు కూడా లేదులెండి. "మీటర్!" అని ఒక కేక, గోడకేసి ఒక చూపు, అంకె రాసుకోవడం, బిల్లు మడిచి తలుపు సందులో దోపడం, పక్కింటికి పోవడం. గుమ్మం గుమ్మానా నిలబడి కుశలం అడుగుతూ పోతే ఆ ఉద్యోగం సాగదు.

రిటైరయ్యాక ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే మా అక్కకి విసుగొచ్చింది. వీధి చివర ఒక పెద్ద గది ఉంది. మా అక్కా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ జీతం బత్తెం లేకుండా నడుపుతున్నారు. పొద్దున్న పెద్దవాళ్ళు పేపర్లు చదువుకుంటారు, సాయంత్రం పిల్లలు లెక్కలు చెప్పించుకుంటారు. ఆదివారం ఎవరైనా పాడైన ఫ్యానో మిక్సీయో తెస్తే ఊరికే బాగుచేసిచ్చే పాపాత్ముణ్ణి నేనే. ఆరేళ్ళుగా ఆ గది తాళంచెవి మా అక్క కొంగునే ఉంది.

ఆ గది మునిసిపాలిటీది. పాత సామాను పెట్టుకోడానికి కావాలని ఉన్నట్టుండి ఉత్తరం పంపారు. ఆదివారం అధికారి వస్తారు, కనీసం యాభై ఇళ్ళవాళ్ళు వచ్చి, గది మాకు కావాలని రిజిస్టర్లో సంతకం పెడితే వదిలేస్తాం, లేదంటే మర్నాడే తాళం వేస్తాం అని అందులో ఉంది.

అక్క నూట ఎనభై ఆహ్వానాలు అచ్చు వేయించింది. పంచడానికి మా బావకంటే తగినవాడు ఎవడు? కళ్ళకి గంతలు కట్టినా ఏ గుమ్మం ఎక్కడుందో చెప్పగలడు. రెండు గంటల్లో పంచేసి వచ్చి, "ఒక్క ఇల్లు కూడా వదల్లేదు" అని మీసం దువ్వుకున్నాడు.

ఆదివారం తొమ్మిదిమందిమి ఉన్నాం. అందులో ఐదుగురు గది నడిపేవాళ్ళే. ఆపైన బావ, నేను, రోజూ పేపరు కోసం వచ్చే ఇద్దరు పెద్దమనుషులు. వచ్చిన అధికారి ఒకావిడ, చెడ్డ మనిషి కాదు. గంటసేపు కూర్చుని, "పైవాళ్ళకి నేనేం చెప్పనండీ? వచ్చే ఆదివారం దాకా ఆపుతాను. అంతకు మించి నావల్ల కాదు" అని లేచింది.

ఆ మధ్యాహ్నం ఒకళ్ళింట్లో వాషింగ్ మెషీన్ చూడ్డానికి వెళ్ళాను. వాళ్ళ ఫ్రిజ్ మీద మా ఆహ్వానం, మడత విప్పకుండా ఉంది.

"ఇది చదవలేదాండీ?" అన్నాను.

"కరెంటు బిల్లేగా? నెలాఖరుకి చూద్దామని పెట్టాం. మీ బావగారు మళ్ళీ డ్యూటీలో చేరారా?"

అలవాటులో పొరపాటు! నూట ఎనభై కాగితాల్నీ మూడేసి మడతలు పెట్టి, బిల్లుల్లాగే తలుపు సందుల్లో దోపి వచ్చాడు మహానుభావుడు. ఆ మడత చూసి ఉత్సాహంగా విప్పేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు.

ఇంటికొచ్చి పగలబడి నవ్వుతూ చెప్పాను. అక్క నవ్వలేదు. "పోనీలే" అని లోపలికి వెళ్ళి, చీకటిపడేదాకా గది సామాన్లు ఎవరెవరికి తిరిగివ్వాలో కాగితం మీద రాసుకుంటూ కూర్చుంది. తిట్టినా బావ తట్టుకునేవాడు. నవ్వినందుకు నాకే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున్నే బావ నా రిపేరు కొట్టు ముందున్నాడు. "పదరా, మళ్ళీ తిరుగుదాం. ఈసారి తలుపు కొడతాను."

"కొట్టి?"

"మాట్లాడతా."

"ఏమని?"

నా చెయ్యి పట్టుకుని లాగాడు. "ముందు నువ్వు రారా" అన్నాడు.

మొదటి ఇంట్లో ఒకావిడ తలుపు తీసింది. బావ చూపు ఠక్కున గోడ మీదికి పోయింది. బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు.

"ఏంటండీ?" అందావిడ.

"మీ మీటరు... బాగా తిరుగుతోందమ్మా."

"అయ్యో, ఎక్కువ తిరుగుతోందా?" అని ఆవిడ కంగారుపడి భర్తని పిలిచింది. వాళ్ళని సముదాయించి గది సంగతి చెప్పేసరికి పావుగంట పట్టింది. ఆ రోజంతా తిరిగితే పదకొండు ఇళ్ళయ్యాయి. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మూడో రోజుకి ఒక దారి దొరికింది. తలుపు తియ్యగానే, "బిల్లు కాదు తల్లీ, భయపడకు. మా ఆవిడ నడిపే గది మూతపడేలా ఉంది. ఆదివారం ఒక్కసారి రండి" అనేవాడు. బిల్లు కాదనగానే అందరూ నవ్వేవాళ్ళు, లోపలికి రమ్మనేవాళ్ళు. శుక్రవారానికి ఆయన ఇళ్ళల్లో కూర్చుని టీ తాగుతున్నాడు, నేను రోడ్డు మీద నిలబడి కాపలా కాస్తున్నాను. కాస్త కుళ్ళుకున్నాను కూడా.

ఆదివారం పదింటికల్లా గది నిండి, జనం మెట్ల మీద కూర్చున్నారు. రిజిస్టరు దగ్గర బావని కూర్చోబెట్టాం. అరవై నాలుగు సంతకాలయ్యాక అధికారి, "ఇంక చాలండీ, గది మీదే" అంది. మా అక్క అందరిముందూ ఏడ్చేసింది. నేనూ కళ్ళు తుడుచుకున్నాను, అబద్ధమెందుకు.

అప్పుడొచ్చింది వీధిలో ఆఖరి ఇంటి ముసలావిడ, కర్ర పట్టుకుని. వారమంతా కూతురింట్లో ఉందట. ఆ పొద్దున్నే తిరిగొస్తే పక్కింటివాళ్ళు చెప్పారట.

"ఆలస్యమైందా నాయనా? నా చెయ్యి వణుకుతుంది, నువ్వే రాయి."

బావ ఇంటి నెంబరు అడక్కుండానే రాశాడు. పేరు దగ్గర కలం ఆగింది. నావైపు చూశాడు. నాకూ తెలియదు.

"అమ్మా, మీ పేరు?"

ఆవిడ నవ్వింది. ఆ నవ్వులో నిష్ఠూరం లేదు. "నెలనెలా నువ్వొచ్చే రోజు నాకు తెలిసేది. ఎండన పడి వస్తావని గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేదాన్ని. నువ్వు గోడకేసి చూసి, రాసుకుని వెళ్ళిపోయేవాడివి. పని తొందరలే అని ఆ నీళ్ళు మొక్కకి పోసేదాన్ని."

"ఎన్నాళ్ళమ్మా?"

"నువ్వు రావడం మానేసేదాకా."

బావ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ మొహంలోకి చూస్తూ, "చెప్పండమ్మా, రాసుకుంటాను" అన్నాడు. ఆవిడ చెప్పింది. రాసుకున్నాడు. తర్వాత ఆవిడ వెంట ఇంటిదాకా నడిచి వెళ్ళి, గుమ్మంలో నిలబడి, ఒక గ్లాసు మంచినీళ్ళు అడిగి తాగి వచ్చాడు.