ఎఫ్ నుంచి సి కి, కిందికి చూడకుండా

మా బొగ్గుబాయిలో ఎదుటివాడి మొహంలోకి చూసి మాట్లాడం. మర్యాద తెలియక కాదు, అదే మా మర్యాద. టోపీకి లైటు ఉంటుంది. ఎవరి వైపు తల తిప్పితే వాళ్ల కళ్లలో ఆ వెలుగు పడి కాసేపు ఏమీ కనబడదు. బాయిలో కాసేపు కనబడకపోవడం చిన్న విషయం కాదు. అందుకే తల పక్కకు తిప్పి, గోడకు చెప్పినట్టు చెబుతాం. ఇరవై రెండేళ్లు అట్లా మాట్లాడి మాట్లాడి, ఇంటికొచ్చినా నేను గోడలతోనే మాట్లాడాను. "నాతోనా, గోడతోనా?" అని నా భార్య ఎగతాళి చేసేది. ఆమె పోయి మూడేళ్లయింది. ఇప్పుడు ఎగతాళి చేసేవాళ్లు కూడా లేరు.

మా అమ్మాయి ఎగతాళి చేయలేదు. ఇంటర్ చదవడానికి కరీంనగర్ హాస్టలుకు పోయే ముందు రోజు, తన గిటారు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అక్కడ గిటారు ఉంచుకోనివ్వరట. సి, ఎఫ్ లాంటి పేర్లున్న నాలుగు కార్డులు చూపించింది. కార్డంటే రెండు మూడు తీగలను ఒకేసారి నొక్కి పట్టే పట్టు. ఒక పట్టు నుంచి ఇంకో పట్టుకు తాళం తప్పకుండా మారాలి.

"కిందికి చూడకుంట మార్చుడు నేర్చుకో బాపూ. పరీక్షలైనంక వస్త గద, అప్పుడు నువ్వు వాయించాలె, నేను పాడ్త. గని నా దిక్కు చూస్కుంట వాయించాలె. నువ్వు ఒక్కపారి గూడ నా మొకం చూసి మాట్లాడలే."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. మంచిర్యాల బస్టాండులో ఆమెను బస్సెక్కించి వచ్చి, ఆ సాయంత్రమే గిటారు పట్టాను. పాట వస్తే ఎంత, రాకపోతే ఎంత? ఆమె మొహం చూస్తూ ఒక్క పాట పూర్తిచేయాలి, అంతే.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు. పార పట్టిన నా వేళ్లు ఎప్పుడో మానులైపోయాయి. ఎఫ్ దగ్గర చూపుడువేలు రెండు తీగల మీద పడుకోవాలి. నాది ఒకదాని మీదే పడుకునేది, రెండోది చచ్చిన చప్పుడు చేసేది. కార్డు మారిన ప్రతిసారీ కళ్లు కిందికి పోయేవి, తాళం ఆగిపోయేది. రోడ్డు మీద బర్రెలు అడ్డమొచ్చిన ఆటోలాగా సాగేది నా వాయింపు. విసుగొచ్చి గిటారు మెడ మీద తువ్వాల కప్పాను. మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, చీకటి పడేదాకా తువ్వాల కింద వేళ్లతో వెతుక్కోవడమే పని.

పక్క క్వార్టర్ ఆమె ఒకరోజు గోడ మీంచి తొంగిచూసింది. "అన్నా, పది దినాల సంది గదే ముక్క. పాట ఎప్పుడు మొదలైతది?"

"ఇదే పాట చెల్లె."

ఆమె నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఆ రోజు బాయి బయట నాతో ఎవరైనా మాట్లాడింది అదొక్కటే.

ఆదివారం అమ్మాయి ఫోన్ చేసేది. తిన్నవా అంటే తిన్న అనేది. మంచిగున్నవా అంటే మంచిగున్న అనేది. తను అడిగితే నేనూ అదే చెప్పేవాణ్ని. ఫోన్‌లో మొహం కనబడదు కాబట్టి ఇద్దరికీ సులువుగా ఉండేది.

రెండు నెలలకు తువ్వాల తీసేశాను. తను కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ ఎదురుగా వేసుకుని, తన మొహం వచ్చే ఎత్తు చూసుకుని, కళ్లు అక్కడ నిలిపాను. ఖాళీ కుర్చీకి వాయించడానికి మొదట సిగ్గేసింది. తర్వాత సిగ్గు పోయి ఏడుపొచ్చింది. అయినా వేళ్లు ఎఫ్ నుంచి సి కి వాటంతటవే పోయి కూర్చున్నాయి.

పరీక్షలయ్యాక వచ్చింది. బస్టాండు నుంచి తీసుకొచ్చాను, వండి పెట్టాను, ఆ మాటా ఈ మాటా చెప్పాను. అన్నం సగం వదిలేసింది. ఎండకు వచ్చింది కదా అనుకున్నాను. సాయంత్రం కుర్చీలో కూర్చుని, వాళ్లమ్మ పాడే పాట అందుకుంది.

నేను ఆమెనే చూస్తూ వాయించాను. మొదటి చరణం దాకా వేళ్లు తప్పడం లేదని నాకే గర్వమేసింది. ఆ తర్వాత ఆమె కనబడింది. చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింద నలుపు. కింది పెదవి కొరికి కొరికి పుండు చేసుకుంది. మధ్యాహ్నం నుంచి నా పక్కనే ఉంది, ఇవేవీ నేను చూడలేదు.

నా చేయి ఆగిపోయింది.

"ఏమైంది బిడ్డా?"

"ఏం కాలే. ఎందుకు ఆపినవ్? మంచిగనే వస్తుండె గద."

"ఏమైందో చెప్పు."

చున్నీ అంచు వేలికి చుట్టుకుంది. "ఆడ నాతోని ఎవ్వలు మాట్లాడరు బాపూ. అన్నం గూడ ఒక్కదాన్నే తింట."

మంచిగ చదువుకో, అన్నీ అలవాటైతయి అనాలి. తండ్రులు అనేది అదే. నా నోట్లోంచి ఆ మాట రాలేదు.

"నాతోని గూడ ఎవ్వలు మాట్లాడరు బిడ్డా," అన్నాను.

ఆమె తలెత్తింది. నేను తల పక్కకు తిప్పుకోలేదు. అట్లా చూస్తూ, చూస్తూ, "గింత బక్కగైనవేంది బాపూ?" అంది.