ఎక్స్ గుర్తు పడ్డ సముద్రం

జగ్గయ్యపేట నుంచి ముక్త్యాల వెళ్లే దారిలో కొన్ని గోడల మీద సుద్దముక్కతో రాసిన గుర్తులు కనిపిస్తాయి. ఒక అంకె, ఒక తేదీ, పక్కన 'పి' అనో 'ఎక్స్' అనో ఒక ఇంగ్లీషు అక్షరం. పోలియో చుక్కలు వేసేవాళ్లు రాసి వెళ్లినవి. ఇంట్లో పిల్లలందరికీ చుక్కలు పడితే పి. ఇంటికి తాళం ఉన్నా, ఒక్క పిల్ల అమ్మమ్మ ఊరికి వెళ్లి ఉన్నా ఎక్స్. ఎక్స్ పడిన ఇంటికి మళ్లీ వెళ్లాలి. అప్పటికీ దొరక్కపోతే ఇంకోసారి వెళ్లాలి. శాసనాల కోసం రాళ్లు తడుముతూ నేను చాలా ఊళ్లు తిరిగాను కానీ, మా ఇంటి గోడ మీద రాసినదాని అర్థం అరవై ఏళ్లు దాటాకగాని కనుక్కోలేదు.

ఆ గుర్తుల్లో చాలా భాగం జెరూషా రాసినవే. ఆమె ముప్పై నాలుగేళ్లు ఏఎన్ఎంగా పనిచేసింది. మొదట సైకిలు, తరవాత పాత స్కూటీ, భుజానికి టీకాల డబ్బా. సిమెంటు లారీల దుమ్ములో పడి వెళ్లి, అదే దుమ్ములో తిరిగొచ్చేది. ఆ చుట్టుపక్కల ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ, అందరికీ నర్సమ్మ గారే. పోయిన ఏడాది అరవై రెండు నిండి రిటైరైంది. మా వీధిలోనే, మాకు మూడో ఇల్లు.

నవంబరులో ఒకరోజు పొద్దున్నే ఒక పొడుగాటి రిజిస్టరు చంకలో పెట్టుకుని మా అరుగెక్కింది.

"బాబాయ్ గారూ, మీరు దేశాలు తిరిగారు గదా. అండమాన్ ఎట్టా పోవాలో చెప్పండి."

"అంత దూరం ఎందుకమ్మా?"

"ముక్త్యాల బళ్లో చుక్కలేసేటప్పుడు నన్ను ఎప్పుడూ ఇండియా మ్యాపు కిందే కూర్చోబెట్టేవోళ్లండి. పిల్లలు రానప్పుడు దాన్నే చూస్తా కూర్చునేదాన్ని. కుడిచేతి పక్కన, కిందగా, నీళ్లలో చుక్కలు చుక్కలుగా ఉంటయ్ గదా. అక్కడ కూడా నాలాంటి నర్సు ఒకత్తి ఉంటదా, డబ్బా పట్టుకుని పడవెక్కుద్దా అనుకునేదాన్ని."

"సముద్రం ఎప్పుడూ చూడలేదా ఏమిటి? బందరు మనకు ఎంత దూరం?"

"చూసానండి, మూడుసార్లు. మూడుసార్లూ వీపుతోనే."

నాకు అర్థం కాలేదు. ఆమే చెప్పింది. మొదటిసారి చర్చి సండేస్కూలు పిల్లలతో మంగినపూడి వెళ్లింది. అరవై ముగ్గురు పిల్లలు. ఒక్కరు తగ్గినా ప్రాణం పోతుందని అలలకు వీపు పెట్టి నిలబడి, సాయంత్రం దాకా తలలు లెక్కపెట్టింది. రెండోసారి బందరులో చుట్టాల పెళ్లి. అంతా కలిసి సముద్రానికి వెళితే పెళ్లికొడుకు మేనత్త ఇసకలో కళ్లు తిరిగి పడిపోయింది. ఆవిడ తల ఒళ్లో పెట్టుకుని జెరూషా కూర్చుండిపోయింది. మూడోసారి యువజనుల కూడిక. ఫస్టెయిడ్ పెట్టె ఈమె చేతికే ఇచ్చారు. ఎవరి కాలిలో గవ్వ దిగినా, ఎవరికి ఎండదెబ్బ తగిలినా పెట్టె తెరవడం, మూయడం. "వెనకాల హోరు వినపడతానే ఉందండి. చూద్దామంటే ఒక్క నిమిషం తెరిపి లేదు," అంది.

నాకో జబ్బు ఉంది. ఒక ఊరి దారి అడిగితే ఐదు ఊళ్ల పేర్లు చెబుతాను. ఆ వేళ కూడా అలాగే మొదలుపెట్టాను. మన ఊరి ధనంబోడు మీద బౌద్ధులు స్తూపం కట్టుకున్న రోజుల్లో కృష్ణ వెంట సముద్రానికీ, అక్కణ్ణుంచి దీవులకీ రాకపోకలు ఉండేవని, ఎగువన నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ప్రత్యేకంగా ఒక విహారమే ఉండేదని చెప్పుకుంటూ పోయాను. ఆమె ఓపిగ్గా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"వాళ్లు ఊరకే చూడటానికి వచ్చారా అండీ, పని మీద వచ్చారా?"

"పని మీదేనమ్మా. ధర్మం చెప్పటానికి, చదువుకోటానికి."

"అదిగో మరి," అని రిజిస్టరు తెరిచింది.

డిపార్టుమెంటువాళ్లు దాన్ని మైక్రోప్లాన్ అంటారట. పోలియో వారం ముందు ఏ రోజు ఏ వీధి, ఏ పని, ఎవరు అని గడులు గీసి రాసుకునే పద్ధతి. మిగిలిపోయిన ఆ కాగితాల మీదే ఈ ప్రయాణానికీ గడులు గీసింది. మొదటిరోజు విజయవాడ, విమానం, మద్రాసులో మారి పోర్ట్ బ్లెయిర్. దానికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు మారిందంటే రెండు పేర్లూ రాసింది. రెండోరోజు ఓడలో హావ్‌లాక్ దీవి. దానికీ పేరు మారింది, అదీ రాసింది. మూడో రోజు, నాలుగు, ఐదు: పని అన్న గడి ఖాళీ. ఆరోరోజు పక్కనే ఉన్న చిన్న దీవి. ఏడు మళ్లీ ఖాళీ.

ఖాళీ గడి చూస్తే నా చెయ్యి ఊరుకోదు. జైలు చూడాలన్నాను. సున్నపురాతి గుహలన్నాను. అద్దం అడుగున్న పడవలోంచి పగడాలు కనపడతాయన్నాను. ఆమె కలం కదల్లేదు.

"ఖాళీగా పంపితే పైవాళ్లు ఊరుకుంటారా?" అని నవ్వించబోయాను.

"పైవాళ్లెవరూ లేరు బాబాయ్ గారూ. అదే గదా ఈ ప్లాను."

తోడు వచ్చే మనిషి హఫీజున్నీసా. నందిగామలో ఇంటర్ చదివేటప్పుడు ఇద్దరూ హాస్టల్లో ఒకే గది. హిందీ టీచరుగా చేసి రిటైరైంది. ఆమె పెట్టిన షరతులు మూడు: నీళ్లలో దిగను, పొద్దున ఏడు దాకా లేవను, ఎవరైనా మందులు అడిగితే నువ్వు నర్సువని చెప్పను. జెరూషా భర్త కృపారావు మాత్రం రానన్నాడు. సిమెంటు ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీలు తూచి తూచి రిటైరైన మనిషి. "ముక్త్యాల రేవులో పంటు ఎక్కితేనే నాకు తల తిరుగుద్ది. మీ ఇద్దరూ పోయి రండి, నేను పప్పుచారు పెట్టుకోగలను," అన్నాడు. మంచివాడు. చిక్కు తెచ్చిపెట్టింది కూడా ఆ మంచివాడే.

వాళ్ల చర్చిలో గుమ్మం పక్కన ఒక పెట్టె ఉంటుంది. పరీక్షకు వెళ్లినా, ఆపరేషన్‌కు వెళ్లినా, ప్రయాణం కట్టినా ఒక చీటీ రాసి అందులో వేస్తారు. ఆదివారం పాస్టరు గారు చదివి అందరిచేతా ప్రార్థన చేయిస్తారు. చీటీ వేయకుండా ఊరు దాటడమంటే తలుపు గడియ పెట్టకుండా వెళ్లినట్టే వాళ్లకి. కృపారావు భార్యకు చెప్పకుండా, ప్రేమగా, గుండ్రటి అక్షరాలతో రాశాడు: 'నా భార్య జెరూషా జనవరి రెండవ వారములో అండమాన్ దీవులకు బయలుదేరుచున్నది. సంఘమంతయు ప్రార్థించగలరు.'

ఎందుకు వెళుతున్నదో రాయలేదు. ఆ సంఘంలో ఎవరైనా పెళ్లికో, ఉద్యోగానికో, ఆసుపత్రికో ఊరు కదులుతారు. దీవుల దాకా వెళ్లినవాళ్లంటూ ఉంటే వాక్యం చెప్పటానికి వెళ్లినవాళ్లే. పాస్టరు నెహెమ్యా గారు చీటీ చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నారట. రిటైరయ్యాక కూడా విశ్రాంతి కోరని మన సహోదరి అని మొదలుపెట్టి అరగంట మాట్లాడారట. జెరూషా నోరు తెరిచేలోపే సంఘమంతా లేచి నిలబడి ప్రార్థన చేసేసింది.

వారం తిరిగేసరికి ఆమె ఇంటి వసారాలో మూడు కట్టల కరపత్రాలు. రెండు కట్టలు హిందీ, ఒకటి తెలుగు, అక్కడ మనవాళ్లు కూడా ఉంటారు గనక. స్త్రీల సమాజం సెక్రటరీ సూసన్ ఇంకో కబురు తెచ్చింది. "జెరూషక్కా, నీతో రావటానికి తొమ్మిది మందిమి పేర్లిచ్చాం. నువ్వుంటే బీపీలకీ షుగర్లకీ భయం ఉండదు గదా. రూములు మాత్రం నువ్వే మాట్లాడు."

జనవరి మొదటి ఆదివారం పంపించే ఆరాధన పెట్టారు. ఆమె లేచి సాక్ష్యం చెప్పాలి, పెద్దలు తల మీద చేతులుంచి పంపాలి.

నందిగామ నుంచి సున్నుండల డబ్బాతో వచ్చిన హఫీజున్నీసా ఆ కట్టలు చూసి అక్కడే ఆగిపోయింది. నేనూ అక్కడే ఉన్నాను.

"ఏంటే ఇది? నిన్ను దీవులకి పంపట్లేదు, చర్చినే నీ నెత్తిన పెట్టి పంపుతున్నారు. విమానంలో బట్టలకి చోటుంటదా అసలు? నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఇవి పంచుతావా, లేక నాతోనే పంచిస్తావా?"

"నవ్వుతావేంటే, ప్రాణం విసిగిపోయి నేనుంటే."

కృపారావు తలవంచుకుని అన్నాడు: "ఒక పని చెయ్. కట్టలు తీసుకెళ్లి ఆ హోటల్లో బల్ల మీద పెట్టి వచ్చెయ్. పంచానని చెప్పు. ఎవరొచ్చి చూస్తారు?"

జెరూషా అతనికేసి తిరిగింది. ముప్పై నాలుగేళ్లలో ఆమె గొంతు పెరగడం నేను వినలేదు. ఆ రోజూ పెరగలేదు. "వెయ్యని చుక్క వేసినట్టు ఏనాడన్నా రాసానా నేను? వానలో ఆరు కిలోమీటర్లు వెనక్కి పోయా గానీ, ఉత్త పి పెట్టలేదు. ఇప్పుడు దేవుడి పేరు మీద పెట్టనా?"

ఆ దీవుల్లో కొన్నిటికి వెళ్లడానికి చట్టమే ఒప్పుకోదనీ, అక్కడి ఆదివాసులు మమ్మల్ని మా మానాన వదిలేయమంటారనీ, మంచి చెప్పడానికి వచ్చినా సరే వద్దంటారనీ నాకు గుర్తొచ్చింది. పైకి అనలేదు. మా వీధిలో కూడా అలాంటి మనిషి ఒకత్తి ఉందని ఆ పూటే తెలిసింది.

"ఆదివారం లేచి చెప్పేస్తా," అంది జెరూషా.

"ఏమని చెప్తావ్?" అన్నాడు కృపారావు బెదురుగా. "దేవుడి పనికి కాదు, షికారుకి పోతున్నానంటావా? అందరి ముందరా?"

"ఉన్నదే అంటా."

నేను వాళ్ల మతంవాణ్ణి కాను. కానీ ఆ ఆదివారం వెళ్లి చివరి వరసలో కూర్చున్నాను. ముందు వరసలో సూసన్, ఆమె జట్టు. బల్ల మీద కరపత్రాల కట్టలు మూడూ. జెరూషాయే మోసుకొచ్చి అక్కడ పెట్టింది. పాస్టరు గారు పిలవగానే లేచింది. చేతులు కట్టుకోలేదు, కొంగు సర్దుకోలేదు, పోలియో మీటింగులో మాట్లాడినట్టే మాట్లాడింది.

"అందరికీ వందనాలండి. చీటీలో ఒక మాట తగ్గింది. నేను సేవ మీద పోవట్లేదు. ఊరకే పోతున్నా. వారం రోజులు సముద్రం ఎదురుగా కూర్చోటానికి."

ఒక మూల ఎవరో దగ్గారు.

"మీ ఇళ్ల మీద నేను ఎక్స్‌లు పెట్టా. మళ్లీ వచ్చానా లేదా? నేను మూడుసార్లు సముద్రం దగ్గరికి పోయా. మూడుసార్లూ తాళమే. వేరే పన్లో ఉండి చూడకుండా వచ్చా. అది కూడా ఎక్స్ పడ్డ ఇల్లేనండి. మళ్లీ పోవాలి. డబ్బా లేకుండా పోవాలి. కాగితాలు పట్టుకెళితే మళ్లీ డ్యూటీ అయిపోద్ది. పదిమందిమి పోయినా డ్యూటీయే. సూసన్, నువ్వేం అనుకోవాకు, మీరు రావొద్దు."

సూసన్ మొహం ఎర్రబడింది. పెద్దల్లో ఒకాయన పక్కాయన చెవిలో ఏదో అన్నాడు. పాస్టరు గారు బల్ల అంచు పట్టుకుని నిలబడిపోయారు. తల మీద పెట్టటానికి చేతులు చాచబోయిన మనిషికి ఆ చేతులేం చేసుకోవాలో తెలియలేదు.

అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి రత్నమణి లేచింది. ముక్త్యాల వైపు నుంచి చర్చికి వచ్చే ముసలావిడ, మిరపకోతలకు ఊళ్లూళ్లూ తిరిగిన మనిషి.

"అయ్యగారూ, మేం మిరక్కాయలకి పోయినప్పుడు మా ఇంటి మీద నాలుగుసార్లు ఎక్స్ పెట్టింది ఈ తల్లి. నాలుగోసారి చేలోకొచ్చి, మిరప కళ్లంలో మా పిల్లకి చుక్కలేసి పోయింది. మేం ఒక ముద్ద తిని పొమ్మంటే కూడా కూర్చోలా. ఇప్పుడన్నా కూర్చోనీండి."

నెహెమ్యా గారికి కోపం వచ్చిందనుకున్నాను. వచ్చే ఉంటుంది. కానీ ఆయన కట్టలు మూడూ బల్ల కిందకు దించి, ఆమె తల మీద చెయ్యి ఉంచారు. నేను విన్న ప్రార్థనల్లో అంత పొట్టిది లేదు. "ప్రభువా, ఈమెను ఎవరూ పిలవకుండా చూడు." అంతే. సంఘం ఆమెన్ అంది. సూసన్ అనలేదు. మూడు వారాలు మాట్లాడలేదు కూడా.

బయల్దేరే రోజు బస్టాండుకు నేనూ వెళ్లాను. విజయవాడ బస్సు, నందిగామలో హఫీజున్నీసా ఎక్కుతుంది. నా జబ్బు ఊరుకోక ఒక కాగితం మీద మరో నాలుగు చోట్ల పేర్లు రాసి ఇచ్చాను. ఆమె చదివి, మడిచి, నా చొక్కా జేబులోనే పెట్టింది. "ఇయ్యి మీరు చూసి రండి."

కిటికీ పక్క సీట్లో కూర్చుని, నీళ్ల సీసా కోసం సంచి తెరిచింది. చెయ్యి లోపలే ఆగింది. బట్టల మధ్య నుంచి తెల్లటి పెట్టె ఒకటి బయటకు తీసింది. ఎర్ర ప్లస్ గుర్తు సగం అరిగిపోయిన ఫస్టెయిడ్ పెట్టె.

కింద నిలబడ్డ కృపారావు గొంతు సవరించుకున్నాడు. "అవసరానికి ఉంటదని పెట్టా. ఎవరికన్నా ఏదన్నా అయితే…"

"ఎవరికన్నా ఏదన్నా అయితే అక్కడ నర్సుంటది," అంది జెరూషా. కిటికీలోంచి పెట్టె కిందకు అందించింది. అతను తీసుకోక తప్పలేదు, బస్సు కదిలిపోతోంది మరి.

హైవే ఎక్కేదాకా ఆ బస్సునే చూస్తూ నిలబడ్డాం. పక్కనే టీ బండి దగ్గర ఒకాయన ఆ పెట్టె చూసి, "ఏమండీ, తలనొప్పి బిళ్ల ఉందా అందులో?" అని అడిగాడు. కృపారావు మూత తెరిచి వెతకడం మొదలుపెట్టాడు.