పై పోర్షన్ సార్ పేరున ఒక చిన్న రోలు

మా పై పోర్షన్‌లో అద్దెకుండే సార్ పోయారు. ఆ కబురు ముందుగా విన్నది మా ఆయన. ఆఫీసు మీటింగులో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగారట. ఆసుపత్రికి తీసుకుపోయేలోపే అయిపోయిందట. ఆపదవేళ ఎవరికి చెప్పాలో రాసిమ్మంటే సార్ ఆఫీసులో ఇంటి ఓనరు నంబరు రాసిచ్చారు. అందుకే ఫోన్ చేసిన అమ్మాయి మా ఆయనను "మీరు ఆయనకు ఏమవుతారండీ?" అని అడిగింది. మా ఆయన ఫోన్ నా చేతికిచ్చాడు.

అంతకు కాసేపటి ముందు మేమిద్దరం సంతోషంగా ఉన్నామంటే మీకు వింతగా ఉంటుంది. ఆ పొద్దున మా ఆన్‌లైన్ కొట్టులో డబ్బు కట్టే పేజీ తెరుచుకోలేదు. సార్‌కు ఫోన్ చేశాం, ఎత్తలేదు. మళ్ళీ చేశాం, ఎత్తలేదు. మా ఆయన నవ్వి, "ఇయ్యాల సార్ లేని రోజు పెట్టిండే. మనమే చూస్కోవాలె" అన్నాడు. ఆ లేని రోజు సంగతి తర్వాత చెబుతాను. ఇద్దరం కూర్చుని, తప్పెక్కడుందో వెతికి పట్టుకుని, సరిచేశాం. సాయంత్రం సార్ వస్తే గొప్పగా చెప్పుకుందామనుకున్నాం. అప్పుడు మోగింది ఆ ఫోన్.

మాది ఖాజాగూడలో రాయి చెక్కే ఇల్లు. మామయ్య కాలం నుంచీ రోళ్లు, సన్నికల్లు, విసుర్రాళ్లు చెక్కి రోడ్డు పక్కన పెట్టి అమ్మడమే జీవనం. నేను బాచుపల్లి నుంచి కోడలిగా వచ్చాను. పెళ్లికి ముందు మాదాపూర్‌లో ఒక కాల్ సెంటర్‌లో పనిచేశాను కనుక, ఇంట్లో కంప్యూటర్ అన్న మాట వస్తే అందరూ నా వైపే చూస్తారు.

సార్ కాకినాడ వైపు మనిషి. పెళ్లి చేసుకోలేదు. సాఫ్ట్‌వేర్‌లో టెస్టింగు ఆయన పని. అంటే ఇంకొకరు కట్టినదాన్ని జనం చేతికివ్వకముందు, అది ఎక్కడ కూలుతుందో వెతికి చెప్పడం. ఆ బుద్ధిని ఆఫీసులో వదిలి వచ్చే రకం కాదు. గేటు గడియ పెట్టి మళ్ళీ లాగి చూసేవారు. కొత్త కుళాయి బిగిస్తే అటు తిప్పి, ఇటు తిప్పి ప్లంబరుకు విసుగు పుట్టించేవారు. అత్తమ్మ పచ్చడి ఇస్తే వేలికొసతో నాకి, "ఇవాళ బానే ఉందండీ. రేపటికి ఉప్పెక్కుతుంది" అని జోస్యం చెప్పేవారు. మరునాడు అత్తమ్మ చాటుగా రుచి చూసి, ఎవరితోనూ ఏమీ అనకుండా జాడీకి మూత పెట్టేది.

ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజే ఆయన మా అత్తమ్మకు నచ్చలేదు. వచ్చినవాళ్లు ఎవరైనా నీళ్లెట్లా వస్తాయని అడుగుతారు. ఆయన మొదటి ప్రశ్న, "ఖాళీ చెయ్యాలంటే ఎన్నాళ్ల ముందు చెప్పాలండీ?" అని.

"ఏంది సారు, ఇంక పాలు గూడ పొంగియ్యలే. అప్పుడే పోయే ముచ్చట తీస్తివి?" అంది అత్తమ్మ.

"వచ్చే దారి ఎప్పుడూ బాగానే ఉంటుందమ్మా. పోయే దారే ముందు చూసుకోవాలి" అన్నారాయన, మెట్ల రెయిలింగు ఊపి చూస్తూ.

తర్వాత కొన్నాళ్లకు రోడ్డు వెడల్పు చేశారు. ఒక పొద్దున మేము వెళ్లేసరికి మా రోళ్లన్నీ మట్టితో కలిసి కుప్పగా పడి ఉన్నాయి. పక్కన పసుపుపచ్చ యంత్రం నిలబడి ఉంది. ఆ జాగా మాది కాదు, ఆ మాట మాకూ తెలుసు. మామయ్య కూర్చున్నాడు, ఆయన కొడుకు కూర్చున్నాడు, అందుకని మాదే అనుకున్నాం. దూరంగా గుట్టల్లో బండలు పేలుస్తున్న చప్పుడుకు కాళ్ల కింద నేల అదిరింది. అత్తమ్మ పగలని రోళ్లను ఏరి పక్కన పెట్టింది. ఇక మా ఇల్లు గడవాలంటే ఆన్‌లైన్‌లో అమ్మడం తప్ప దారి లేకపోయింది.

మా ఆయన మేనబావ అప్పటికే ఒక పెద్ద యాప్‌లో దుప్పట్లు అమ్ముతున్నాడు. బాగా సాగుతోంది. మనమూ అందులోనే చేరదామని మా ఆయన తొందరపడుతున్న రోజుల్లోనే, ఆ బావ మొహం వేలాడేసుకుని మా ఇంటికి వచ్చాడు. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు, ఆయన వచ్చి మాతో చెప్పుకున్నాడు. పొద్దున లేచి చూస్తే కొట్టు మూసేసి ఉందట. సార్ మెట్లు దిగి వచ్చి అరుగు మీద కూర్చున్నారు.

"ఎవరు మూశారండీ?"

"యాప్ మూసింది సార్. రూల్ తప్పిన్నంట. ఏ రూలో చెప్పలే."

"ఎవరితోనైనా మాట్లాడారా?"

"మాట్లాడనీకి మనిషి లేడు సార్. ఎన్నిసార్లు రాసినా గదే జవాబొస్తది."

"మీ దగ్గర కొన్నవాళ్ల అడ్రసులు?"

"అవి గూడ దాంట్లనే ఉన్నయి."

సార్ మా ఆయన వైపు తిరిగి, "రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు వెరిస్తే లాభం లేదండీ. ఏ రోలో ముందే చూసుకుందాం" అన్నారు. రోళ్లు చెక్కేవాళ్లకే ఆ సామెత చెప్పినందుకు బావ కూడా అంత బాధలో నవ్వాడు.

ఆ తర్వాతి ఆదివారాలన్నీ ఆయన మా కోసమే ఖర్చుపెట్టారు. పెద్ద యాప్ సంత లాంటిదని, జనం కావలసినంత మంది వస్తారు గానీ చాప కింద నేల మనది కాదని చెప్పారు. నెలనెలా కిరాయి కట్టే కొట్లు ఇంకో రకమట. కంపెనీ కట్టించి ఇస్తుంది, బోర్డు మనది, గోడలు వాళ్లవి. మూడో దారి, అంతా మనమే కట్టుకోవడం. "అప్పుడు కప్పు కారినా మీరే ఎక్కాలి చెల్లెమ్మా. ఎక్కగలరా?" అని నన్ను అడిగారు. ఎక్కలేనని చెప్పాను. ఎక్కలేనని చెప్పినందుకు ఆయన మెచ్చుకున్నారు.

ఎంచుకోవడంలో ఆయన పద్ధతి వేరు. ఎక్కడ అందంగా ఉంది, ఎక్కడ చవక అని చూడలేదు. ప్రతి చోటా ఉత్తుత్తి కొట్టు తెరిచారు. ఒక చిన్న రోలు ఫొటో పెట్టి, తానే కొన్నారు. కొన్న వెంటనే ఆ కొట్టు ఖాళీ చేసి బయటపడడానికి ప్రయత్నించారు. ఫొటోలు, కొన్నవాళ్ల అడ్రసులు, పాత ఆర్డర్లు అన్నీ మూటగట్టుకుని పోనిస్తారా లేదా అన్నదే పరీక్ష. ఒక చోట ఫొటోలిచ్చారు, అడ్రసులివ్వలేదు. ఇంకో చోట మూసివేసే మీట ఎక్కడుందో ఆయనంతటివారికే దొరకలేదు. "ఇక్కడికి మాత్రం వద్దు" అని లాప్‌టాప్ మూసేశారు. ఆ మూసిన తీరు చూస్తే నాకు భయమేసింది. పాడుబడ్డ ఇల్లు చూసి వచ్చినవాళ్లు అలా తలుపేస్తారు.

చివరికి పరీక్షకు నిలిచిన రెండు కిరాయి కొట్లలో ఒకదాన్ని తీసుకున్నాం. వెబ్‌సైట్ పేరు మాత్రం వేరే చోట, మా ఆయన పేరు మీద కొనిపించారు. ఇల్లు మారినా బోర్డు చంకన పెట్టుకుని పోవచ్చన్నారు. ఎక్కడా తన ఫోన్ నంబరు పెట్టనివ్వలేదు. "ఓటీపీ నా ఫోనుకొస్తే, నేను లేనప్పుడు ఎవర్ని అడుగుతారండీ?"

అన్నీ సరిచూడకముందే మా ఆయన ఆగలేక కొట్టు తెరిచేశాడు. మొదటి ఆర్డర్ అస్సాం నుంచి, మాలో అందరికన్నా పెద్ద రోలుకు. డెలివరీ ఉచితం! చూస్తే, బరువు రాయవలసిన చోట మా ఆయన ఏమీ రాయలేదు. కొట్టు దాన్ని సున్నా అనుకుని రవాణా ఖర్చు కూడా సున్నా వేసింది. మా ఇంట్లో రోలును జానలతో, బెత్తెలతో కొలుస్తారు. కొనేవాళ్లు కూడా చేయి పెట్టి చూసుకునేవాళ్లే తప్ప, రోలు ఎంత బరువని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. సార్ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకునేంతగా నవ్వారు. "రాయి అమ్మేవాళ్లు బరువు మర్చిపోవడమేంటండీ!" అని వారం రోజులు మా ఆయనను ఏడిపించారు.

ఇక లేని రోజు. కొట్టు నిలదొక్కుకున్నాక ఆయన పెట్టిన అలవాటు అది. నెలలో ఏదో ఒక రోజు, ముందు చెప్పకుండా, మా ఫోన్ ఎత్తరు. ఏం తప్పు జరిగినా మేమే చక్కబెట్టుకోవాలి. "ఇవాళ నేను లేననుకోండి" అనేవారు తర్వాత, మెట్ల మీద నిలబడి.

అత్తమ్మకు ఒళ్లు మండేది. "గట్ల అనకు సారు. తథాస్తు దేవతలు తిరుగుతుంటరు."

"అనకపోతే మాత్రం ఊరుకుంటారా అమ్మా?"

ఈ మధ్య ఆ రోజులు నెలకు ఒకటి కాక, వారానికి ఒకటయ్యాయి. మెట్లెక్కుతూ సగంలో ఆగి, గోడకు చేయి ఆనించి నిలబడేవారు. ఏమైంది సార్ అంటే, "మెట్లు గట్టిగా ఉన్నాయో లేదో చూస్తున్నా" అనేవారు. ఆయనకు తెలుసా, తెలియదా అన్నది నేను ఎవరినీ అడగలేను.

ఆయన పెట్టిన అలవాటు ఇంకొకటుంది. రోజూ పొద్దున్నే, మేం టీ తాగే వేళకు, మా కొట్టుకు సార్ పేరున ఒక ఆర్డర్ వచ్చేది. ఒక చిన్న రోలు, డబ్బులు ఇంటికొచ్చాక, చిరునామా పై పోర్షన్. ఆయన రాసి ఎక్కడో పెట్టిన చిన్న ప్రోగ్రాం దానంతట అదే ఆ ఆర్డర్ ఇస్తుంది. అది వచ్చిందంటే కొట్టు బతికే ఉన్నట్టు. నేను రద్దు చేసి, కారణం దగ్గర "కస్టమర్ వద్దన్నారు" అన్నది ఎంచుకునేదాన్ని. "రోజు రోలు అడుగుతడు, తినేది మాత్రం హోటల్ కూడు" అని అత్తమ్మ ఎగతాళి.

సార్ అక్కగారు వచ్చి ఆయన్ను కాకినాడ తీసుకుపోయారు. లాప్‌టాప్ ఆఫీసువాళ్లు తీసుకుపోయారు. మరునాడు పొద్దున్నే నా ఫోన్ మోగింది. సార్ పేరు. ఒక చిన్న రోలు. పై పోర్షన్. మా ఆయన చేతిలోని గ్లాసు కింద పెట్టేశాడు. అత్తమ్మ నా మొహంలోకి చూసి, "ఎవలు? సారేనా?" అంది. నేను తలూపాను. ఆ పూట ఎవరం టీ తాగలేదు. అది ప్రోగ్రామని నాకు తెలుసు. తెలిసినా, రద్దు నొక్కేముందు కారణాల వరుసంతా చదివాను. "కస్టమర్ వద్దన్నారు" తప్ప సరిపోయే కారణం ఆ వరుసలో ఇంకొకటి లేదు.

పెద్దకర్మ కాకముందే మరో కబురు వచ్చింది. మేం కిరాయి కడుతున్న కంపెనీ ఈ దేశంలో కొట్లన్నీ నెలాఖరుకు మూసేస్తోందట. ఆ ఈమెయిల్ చదువుతుంటే, మళ్ళీ అదే పొద్దు, అదే కుప్ప, అదే పసుపుపచ్చ యంత్రం కళ్ల ముందు నిలబడ్డాయి. మా ఆయన గోడకు చేరగిలబడి, "ఇగ అయిపాయె. సార్ గూడ లేకపాయె" అన్నాడు.

"లేని రోజు అనుకుందాం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు.

అంతా సార్ చూసి పెట్టిన దారిలోనే నడిచాం. అడ్రసులు తీసుకున్నాం, ఫొటోలు తీసుకున్నాం, పాత ఆర్డర్లు తీసుకున్నాం. ఏదీ చేయి జారలేదు. ఆయన పరీక్షలో రెండోదిగా నిలిచిన చోట కొత్త కొట్టు తెరిచి, మా బోర్డు అక్కడికి మార్చాం. మా ఆయన ఒక్కో రోలునూ తూకం మీద పెట్టి బరువు రాశాడు. సొంత కొట్టు ఖాళీ చేస్తూ ఇంత భయపడతామని నేననుకోలేదు. కొత్త చోట మొదటి ఆర్డర్ వచ్చినప్పుడు మా ఆయన బయటికి వెళ్లి, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఇల్లు నిలబడింది, అది సార్ పుణ్యమే.

అయితే సార్ ఆర్డర్ మాత్రం కొత్త కొట్టుకు రావడం లేదు. ఆ ప్రోగ్రాంకు మా బోర్డు పేరు కాక, కంపెనీవాళ్లిచ్చిన పాత వెబ్ చిరునామా ఒక్కటే తెలుసు. అది ఎక్కడ నడుస్తోందో, దానికి కొత్త దారి ఎలా చెప్పాలో మాకు తెలియదు. అన్నింటికీ పోయే దారి చూసిన మనిషి, దీనికి మాత్రం చెప్పడం మరిచారు. అందుకని పాత కొట్టులో అన్నీ తీసేసి, ఒక్క చిన్న రోలు ఉంచాను. అదీ లేకపోతే ఆయన ఆర్డర్ ఉత్త చేతులతో తిరిగిపోతుంది. పైన టు-లెట్ బోర్డు పెట్టాం. మొన్న ఎవరో ఇల్లు చూడ్డానికి వచ్చి నీళ్ల సంగతి అడుగుతుంటే, అత్తమ్మ అడ్డుపడి, "ఖాళీ చేసేటప్పుడు ఎన్నొద్దుల ముందు చెప్తవ్, ముందు గది చెప్పు" అంది. ఆ మనిషి మళ్ళీ రాలేదు.

ఇవాళ నెలాఖరు. పొద్దున ఆర్డర్ వచ్చింది. నేను రద్దు మీద వేలు పెట్టబోతుంటే అత్తమ్మ, "ఆగు" అంది. నిన్నటి నుంచీ ఆమె ఒక చిన్న రోలులో నూకలు పోసి నూరుతూ ఉంది. కొత్త రోలు గరుకు పోవాలంటే అలా నూరి కడగాలి. కొన్నవాళ్లు చేసుకోవలసిన పని అది, మేము ఎవరికీ చేసివ్వం. కడిగి, తుడిచి, చంకన పెట్టుకుని, సగం మెట్ల దగ్గర ఆగి గోడకు చేయి ఆనించి, మళ్ళీ ఎక్కింది. తాళం వేసిన తలుపు ముందు రోలు పెట్టి వచ్చింది.

నేను "కస్టమర్‌కు అందింది" అని నొక్కాను.

రేపు పొద్దున్నే మేము టీ తాగే వేళకు, ఆయన ఆర్డర్ మళ్ళీ బయలుదేరుతుంది. అది వెళ్లేసరికి అక్కడ కొట్టు ఉండదు, నా ఫోన్ మోగదు. పైన తలుపు ముందు రోలు ఉంది. కడిగిన తడి ఇంకా ఆరలేదు.