పప్పు పెట్టని పథ్యం

ఆస్పత్రి మంచం మీద నన్ను చూడగానే మా ఆడబిడ్డ అన్న మాట నాకింకా గుర్తే.

"అందానికి కోయించుకున్నవ్. ఇగ నొప్పి అంటే ఎట్ల పిల్లా?"

అందం కాదు. రొమ్ముల బరువుకు నా వీపు వంగిపోయింది. లోదుస్తుల పట్టీలు భుజాల మీద చాళ్ళు దున్నాయి. మాత్రలు మింగీ మింగీ విసిగి, చివరికి రొమ్ములు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నాను. చుట్టాలకు మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పాం. నిజం తెలిసింది మా ఆయనకూ, నాకు సాయమని రాయచూరు వచ్చిన ఆయన అక్క, ఈ వదినకూ.

వచ్చీ రాగానే వదిన వంటింటిని స్వాధీనం చేసుకుంది. పప్పు తింటే చీము. గుడ్డు తింటే చీము. వంకాయ పేరెత్తితే దురద. నాకు మిగిలింది బ్రెడ్డు, మిరియాల చారు. తను మాత్రం నా ఎదుటే కూర్చుని జొన్నరొట్టె, గుత్తివంకాయ తినేది.

"నాకేమన్న కుట్లు ఉన్నయా?" అనేది.

కట్టు మార్చే రోజు డాక్టరమ్మ మొహం మారింది. రొమ్ము కింద నిలువు కుట్టు, అడ్డకుట్టు కలిసేచోట గాయం విచ్చుకుంది. అంచు నల్లబడింది.

"ఇక్కడికి రక్తం అందడమే కష్టం. ఏం తింటున్నారు?"

"బ్రెడ్డు."

"బ్రెడ్డుతో చర్మం అతుక్కుంటుందా? పప్పు, గుడ్డు, మాంసం తినండి. ఈ నలుపు పాకితే అంతమేరా కోసి తీసేయాలి."

మళ్ళీ కత్తి అంటే నా వల్ల కాదు. ఇంటికి రాగానే వంటింట్లోకే పోయాను.

"వదినా, డాక్టరమ్మ పప్పు తినమంది."

"ఆమెకేం ఎరుక? మా మరిది గిట్లనే పప్పు తిని చీము పట్టించుకున్నడు."

"నా పుండు నల్లబడుతుంది. పెట్టు."

వదిన గరిటెతో హాలు వైపు చూపించింది. నన్ను పలకరించడానికి యరగేర నుంచి మా అత్తగారి అక్క, ఆమె ఇద్దరు కోడళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళు తెచ్చిందీ బ్రెడ్డే.

"ఊకె పరేషాన్ చెయ్యకు. ఇంకొక్కసారి అడిగితే చెప్త వాళ్ళకు, ఏం రాళ్ళు తీసిన్రో."

దాచుకున్న గుట్టు ఒకవైపు, విచ్చుకున్న గాయం ఒకవైపు. నేను నేరుగా హాల్లోకి నడిచాను.

"పెద్దత్తా, నాకు రాళ్ళు లేవు, ఏం లేవు. రొమ్ములు తగ్గించుకున్న. పప్పు తింటెనే పుండు మానుతదంట. వదిన పెడతలేదు."

టీ కప్పులు ఆగిపోయాయి. మా ఆయన పేపరులో మొహం దాచుకున్నాడు. పేపరు తలకిందులుగా ఉంది. పెద్దత్త నన్ను పైనుంచి కిందికి చూసి, తన భుజం తానే మెల్లగా పిసుక్కుంది.

"వీపు నొప్పి పోయిందానే?"

"పోయింది పెద్దత్తా."

"ఏ దవాఖానల చేసిన్రు?" అని దగ్గరికి జరిగింది. తర్వాత వంటింటి వైపు తిరిగి కేకేసింది. "ఓ పిల్లా, ఆమెకు పప్పు పెట్టవే! నీ సొమ్మేం పోయింది?"

వదిన పప్పు తెచ్చి నా ముందు ఠక్కున పెట్టింది. ఆ రోజు నుంచి పప్పు, గుడ్లు తింటూనే ఉన్నాను. నలుపు పాకలేదు. గాయం మెల్లగా పూడింది. రెండోసారి కత్తి తప్పింది.

ఇప్పుడు ఏ పెళ్ళిలో కలిసినా వదిన అందరికీ చెబుతుంది, తన పథ్యం వల్లే మానిందని. చెప్పుకోనీ. ఆ రోజు పప్పులో పోపు వేయలేదు. అదీ నాకు గుర్తుంది.