బర్రె చేపని చలికాలం

మా నాయన చేతుల గురించి చెప్పాలంటే ముందు నా వీపు గురించి చెప్పాలి. ఆయన ఒక్కటి వేశాడంటే అయిదు వేళ్లూ అచ్చు పడేవి. చలికాలమైతే ఆ అచ్చుతో పాటు గీతలు కూడా లేచేవి, ఎందుకంటే అప్పుడాయన అరచేతుల్లో చర్మం విచ్చుకుని అంచులు గట్టిపడి ఉండేవి. పగలు గుట్ట మీద రాళ్లు కొట్టడం, పొద్దునా సాయంత్రం బర్రె పాలు పిండడం ఆయన పని. డెబ్బైల నాటి మాట ఇది. ఈనాడు అద్దాల మేడలు నిలబడ్డ ఆ నేలంతా అప్పుడు బండరాళ్లు, సీతాఫలం పొదలు. చలి ముదిరిందంటే రాతిపొడి ఆయన చేతుల్లోని తడినంతా తాగేసేది. చేత పట్టే సుత్తె కామకు నెత్తురు అంటుకునేది. ఆ చేతుల్నే పొద్దున్నే చన్నీళ్లలో ముంచి, తుడుచుకోకుండా గాలికి ఆరబెట్టుకునేవాడు. ఎవరైనా వద్దంటే వాళ్లకూ ఒకటి పడేది.

పెద్దమ్మ, అంటే నాయన అన్న భార్య, మొగుడు పోయాక మా వాకిట్లోనే ఒక అర్రలో ఉండేది. పగుళ్లకు ఆమె దగ్గర మందు ఉండేది. గుట్టల మీది తేనెతుట్టెల మైనం ఆముదంలో వేసి సన్నటి సెగ మీద కరిగించి, దించాక కొంచెం పసుపు కలిపేది. పడుకోబోయే ముందు మా చేతులు గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టించి, ఒత్తి తుడిచి, చెమ్మ పూర్తిగా ఆరకముందే మందు రాసి పాతగుడ్డ చుట్టేది. పగిలాక ఏడవడం కాదు, పగలకముందే రాసుకోవాలనేది. రాస్తున్నంతసేపూ చలిని శత్రువును తిట్టినట్టు గొణుగుతూ తిట్టేది.

“నీ చేతులు జూస్కున్నవా మరిదీ? జర రాసుకోరాదు?” అని ఒకసారి నాయననూ అడిగింది.

“గాజులు గూడ తొడుగుతవా ఏంది? సుత్తె పట్టే చెయ్యికి నూనె తగిలితే పట్టు జారుతది” అని ఆయన కసురుకున్నాడు.

గుట్ట మీద మగవాళ్లందరిదీ అదే పట్టింపు. చెయ్యి ఎంత పగిలితే అంత మొనగాడని లెక్క. సాయంత్రం కల్లు దగ్గర కూర్చుని అరచేతులు ఒకరికొకరు చూపించుకునేవాళ్లు. నాకు అది చూస్తే ఒళ్లు మండేది, ఇప్పటికీ మండుతుంది.

ఆ చలికి బర్రె తన్నడం మొదలుపెట్టింది. దూడ కుడిస్తే చక్కగా చేపేది, పొదుగులోకి పాలు దించేది. దూడను లాగేసి నాయన పొదుగు మీద చెయ్యి వేయగానే పాలు పైకి లాగేసుకుని కాలు విసిరేది. చెంబు ఎగిరి గోడకు తగిలేది. నాయన గొడ్డలి కామ తీసి దాని పక్కటెముకల మీద బాదేవాడు. బాది, రొప్పుతూ మళ్లీ పొదుగు దగ్గర కూర్చునేవాడు. అది మళ్లీ తన్నేది. ఒకరోజు ఆయన మోకాలి చిప్ప మీదే తన్నింది. నేను లోపలికి పరుగెత్తి నోట్లో గుడ్డ కుక్కుకుని నవ్వాను. చందానగర్ హోటల్‌కు పోసే పాలు ఆగిపోయాయి, ఇంట్లో గంజి పలుచబడింది, అందరి వీపులకూ దెబ్బలు పెరిగాయి.

అప్పుడు లేచింది బాణామతి మాట. గిట్టనివాళ్లు చేతబడి చేసి పాడిని ఎండగొడతారని మా ఊళ్లో గట్టి నమ్మకం. చేసిందని ఎవరి మీద అనుమానం వస్తే వాళ్ల ముందరి పళ్లు రాలగొట్టేవారు. పళ్లు లేని నోట మంత్రం పలకదట. ఆ అనుమానం ఎప్పుడూ మొగుడు లేని ఆడదాని గుమ్మం దగ్గరే ఎందుకు ఆగేదో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఒక పొద్దున నాయన పాలకు కూర్చుని బర్రె పొదుగు కేసి చూశాడు. నాలుగు చన్లకూ పసుపుపచ్చటి మైనం పూసి ఉంది. పెద్దమ్మను కేకేశాడు. ఆమె దాచలేదు, దాచాలని కూడా తోచలేదు.

“నేనే రాసిన. నీ చేతులు గీరుకపోయి దాని సన్లు పుండ్లయినయి. గందుకే తంతుంది.”

నాయనకు “నేనే రాసిన” అన్నంతవరకే వినబడింది. పసుపు, మైనం, గొణుగుడు, మొగుడు లేని మనిషి, అన్నీ ఆయన బుర్రలో ఒక్కసారిగా అతుక్కున్నాయి. గుట్ట మీది జతగాళ్లను ముగ్గురిని పిలుచుకొచ్చాడు. అమ్మ గడ్డి కోసం నార్సింగి వైపు పోయింది. వాకిట్లో నేనొక్కదాన్ని.

పెద్దమ్మ పొయ్యి దగ్గర దించి గోరువెచ్చగా ఆరనిచ్చిన మందున్న మట్టి గురిగితో కూర్చుని ఉంది. ఒకడు జుట్టు పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. ఇద్దరు రెక్కలు విరిచి పట్టుకున్నారు. “నీ మందు నువ్వే తిను” అంటూ నాయన గురిగిలోంచి చేతులతో తీసి ఆమె నోట్లో కుక్కాడు. మూసుకుంటే వేళ్లతో పెదాలు చీల్చి కుక్కాడు. మోచేతుల దాకా నూనె కారింది. నేను ఆయన పిక్క పట్టుకుని కొరికాను. నెత్తురు వచ్చేదాకా వదల్లేదు. ఆయన కాలు విదిలిస్తే గోడకు పోయి తగిలాను. లేచేసరికి ఆయన చేతిలో రాయి ఉంది. రాళ్లు కొట్టేవాడు కదా, దెబ్బ ఎక్కడ వేయాలో తెలుసు. రెండు పళ్లు వాకిట్లో పడ్డాయి. పెద్దమ్మ అరవలేదు, నోటి నిండా ఆ మందూ నెత్తురూ ఉన్నాయి.

సాయంత్రం నాయన పాలకు కూర్చున్నాడు. చేతులు తువ్వాలుకు తుడుచుకున్నాడే కానీ ఆముదం, మైనం అంత తేలిగ్గా పోతాయా? బర్రె కాలు ఎత్తలేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూసి, చేపింది. చెంబు నిండి నురగ పొంగింది.

“చూసిండ్రా? పండ్లు వడంగనే మంత్రం వట్టుదప్పింది” అన్నాడు జతగాళ్లలో ఒకడు. మిగతావాళ్లు తలలూపారు.

“మంత్రం కాదు, నాయిన చేతులకు మందు అంటింది! చేతులు జూడుండ్రి!” అని నేను గొంతు చించుకున్నాను. నా చెంప మీద ఒకటి పడింది. ఆ దెబ్బకు నా చర్మం గీరుకోలేదు, నాయన చెయ్యి జారింది. ఇంతకంటే రుజువు ఏం కావాలి? కానీ ఆ రుజువు నా చెంపకు తప్ప ఎవరికీ అక్కర్లేకపోయింది.

అప్పుడే గడ్డిమోపుతో వచ్చిన అమ్మ మోపు అక్కడే పడేసి, తన అర్ర గుమ్మంలో ఒరిగి ఉన్న పెద్దమ్మను చంకల కింద పట్టి లేపి లోపలికి తీసుకుపోయింది. తెల్లారగానే దవాఖానాలో చూపించి, బోరబండలో ఆమె తమ్ముడి ఇంట దింపి వచ్చింది. ఆ తర్వాత అమ్మ నాయనతో మాట్లాడలేదు.

కొన్నాళ్లు పాలు బాగానే వచ్చాయి. ఈలోగా నాయన చేతులు మళ్లీ ఎండాయి, మళ్లీ విచ్చుకున్నాయి. ఒక పొద్దున బర్రె చెంబును ఎగరతన్నింది. నాయన లేచి నిలబడ్డాడు. మంత్రగత్తెను వెళ్లగొట్టాడు కదా, మరి ఇదెవరి పని? ఆయన కళ్లు వాకిలంతా తిరిగాయి. అర్ర ఖాళీగా ఉంది. నా మీదుగా పోయి చివరికి మా అమ్మ మీద ఆగాయి.

అమ్మ గడ్డి తరుగుతున్న కొడవలితోనే లేచింది. ఆయనకు మూరెడు దూరంలో నిలబడింది.

“నా పండ్లు గూడ రాలగొడ్తవా? రా, కొట్టు. గని ముందు నీ చేతులు జూస్కో. జూడవైతివా, గిక్కడనే నరుకుత.”

ఆమె నరికేదే. నాకు తెలుసు, ఆయనకూ తెలిసింది. చేతులు ఎత్తి చూసుకున్నాడు. పగుళ్లలో నెత్తురు. పొదుగు కేసి చూశాడు. చన్ల మీద సన్నటి కోతలు, ఆ పగుళ్లకు సరిగ్గా సరిపోయే కోతలు. పేడలోనే కూలబడ్డాడు.

అమ్మ ఆముదం, మైనం కరిగించింది. కొడవలి పక్కన పెట్టుకుని, తోలు ఊడబెరుకుతున్నంత కసిగా ఆ చేతులకు రుద్దింది. గుట్ట మీదికి కూడా నూనె చేతులతోనే పోయాడు. జతగాళ్లు నవ్వితే తల ఎత్తలేదు. బర్రె మళ్లీ తన్నలేదు.

పగుళ్లు మానాక ఆయన బోరబండకు బయలుదేరాడు. ఒక్కడికి మొహం చెల్లక నన్ను వెంటబెట్టుకున్నాడు. పెద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. నాయన వంగి ఆమె పాదాలు పట్టుకున్నాడు.

“తప్పయింది వదినె. ఇంటికి రా.”

ఆమె కూర్చుని, ఆయన చేతుల్ని తన పాదాల మీది నుంచి తీసి వెల్లకిలా తిప్పింది. బొటనవేలితో మానిన పగుళ్ల మీద మెల్లగా రాసి చూసింది.

“మంచిగ మెత్తగయినయి” అంది. “గని మెత్త చేతులతోని కొట్టినా గంతే నొస్తది మరిదీ.”

ఆ చేతుల్ని ఆయన ఒళ్లో పెట్టి, నా తల ఒకసారి నిమిరి, లోపలికి పోయి తలుపు వేసుకుంది.