కార్డు తీసుకునే డాక్టరు

మొన్న పూర్ణా మార్కెట్లో వంకాయలు ఏరుతుంటే మా వీధిలో ఉండే ఒకామె ఆపి, "అన్నయ్యా, సర్కారు కార్డు తీసుకునే జొరాల డాక్టరు ఎవులైనా తెలుసేటి?" అని అడిగింది. నన్ను దారి అడిగినవాళ్లకి దారితోపాటు ఓ దెయ్యం కథ కూడా చెప్పి పంపడం నా అలవాటు. ఆ పూట మాత్రం ఏరిన వంకాయలు అక్కడే వదిలేసి వచ్చేశాను.

రెండేళ్ల కిందట అలాంటి డాక్టరు కోసమే నేనూ మా అక్క మొగుడూ ఊరంతా తిరిగాం. బావది ఉక్కు ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. నెల రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలిపోయేది, లుంగీ నడుం మీద నిలిచేది కాదు. ఏ ఆసుపత్రి చూసినా గోడంత బోర్డు: గుండెకి కార్డు, కిడ్నీకి కార్డు, ఎముకలకి కార్డు. "ఉత్తి జొరానికి కార్డు నడవదండీ" అనేది కౌంటరు పిల్ల తలెత్తకుండానే.

చివరికి ఆనందపురం వైపు ఓ చిన్న నర్సింగ్ హోంలో కార్డు చూసే పెద్ద డాక్టరున్నాడని తెలిసింది. వరండా బెంచీ మీద నా బుర్రకి పని పెట్టాను.

"జొరమని సెప్పకు బావా, ఎనక్కి పంపేత్తారు. గుండె పట్టేత్తంది, ఎడం సెయ్యి లాగేత్తందని సెప్పు."

"అబద్దం నాకు సేతకాదు బావా" అన్నాడు మా బావ.

"నాను నేర్పుతాను కదేటి!"

ఛాతీ ఎక్కడ పట్టుకోవాలో, మాట ఎక్కడ తెగాలో అన్నీ నేర్పాను. పుట్టి బుద్ధెరిగాక అబద్ధమాడనివాడు నన్నే మించిపోయాడు. చెమట కూడా పట్టింది. అది నేను నేర్పింది కాదు. డాక్టరు కంగారుపడి గుండె ఆసుపత్రికి చీటీ రాశాడు. మంచం దొరికింది, కార్డు నడిచింది. అక్కడ జ్వరం బయటపడకుండా మధ్యాహ్నమే బిళ్ల మింగించేవాణ్ణి. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఈ ఘనకార్యాన్ని చెవిలో చెప్పి నవ్వించాను. అక్క ఒక్కతే నవ్వలేదు. గుండె గుండ్రాయిలా ఉందని ఇంటికి పంపేశారు.

ఇరవై రోజుల తర్వాత బావని రెక్క పట్టుకుని మళ్లీ ఆ పెద్ద డాక్టరు దగ్గరికే నడిపించాను. అక్కా వచ్చింది. డాక్టరు బావ మెడ పక్కన తేలిన గడ్డ మీద వేళ్లు ఆనించి చాలాసేపు తియ్యలేదు.

"జ్వరం వస్తోందా?"

బావ నా వైపు చూశాడు.

"రెండు నెలలవుతోందండీ" అన్నాను నేను.

"మరి ఆ రోజు చెప్పలేదేం?"

చేతిలోని కార్డుని జేబులోకి తోశాను. ఆయన తిట్టలేదు. పెద్దాసుపత్రికి చీటీ రాసి, చాచిన నా చేతిని దాటించి అక్క చేతికిచ్చాడు.

మెట్లు దిగుతూ బావ నా భుజం మీద బరువు ఆనించి, "అక్కడేటి సెప్పాలి బావా?" అన్నాడు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు.

ముందే రావాల్సిందన్నారు పెద్దాసుపత్రిలో. బావ ఆ వేసవి దాటలేదు. ఏ కథనైనా మొదటికి తెచ్చి, మలుపు మార్చి, పదిసార్లు చెప్పగలను నేను. ఆ ఇరవై రోజులు మాత్రం ఒక్కసారే వచ్చి వెళ్లిపోయాయి.